ఏడింటి దీపం

హోటల్ గది, పదకొండో అంతస్తు
మార్చి 4

అక్కా,

ఈ కాగితం మీద హోటల్ పేరు కొట్టేసి రాస్తున్నాను. సొంత కాగితాలు తెచ్చుకోవడం మళ్ళీ మర్చిపోయాను. "మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ పంపుతావు, ఆ బొటనవేలు నేనేం చేసుకోను, ఉత్తరం రాయి" అని నువ్వు కేకలేసిన దగ్గర్నుంచి పర్సులో స్టాంపులు మాత్రం పెట్టుకు తిరుగుతున్నాను. అక్కకి చెవులు వినపడకపోవడం వల్ల తమ్ముడికి చేతిరాత బాగుపడిందని నిన్న భోజనాల దగ్గర ఒకాయనతో అన్నాను. ఆయన నా మెడలో కార్డు చదువుకుంటున్నాడు, వినలేదు.

ఇక్కడ మూడు రోజుల సదస్సు. ఈ ఏడాదికి ఇది నాలుగోది. అందరూ ముందు మెడలో కార్డు చూసి తర్వాతే మొహం చూస్తారు. "కొత్త ఆవిష్కరణల విభాగం అధిపతి" అని నా కార్డు మీద ఉంటుంది గనక రెండోసారి కూడా చూస్తారు. ఆ కార్డులు పారెయ్యబుద్ధి కాక ఇంట్లో పడగ్గది తలుపు వెనక కొక్కేనికి తగిలిస్తుంటాను. ఇప్పుడా తలుపు గోడ దాకా తెరుచుకోవడం లేదు.

నిన్న నా ప్రసంగం బాగా జరిగింది. మన దీపాల కథే చెప్పాను. నీ బల్ల మీద ఒకటి, నా ఇంట్లో ఒకటి. నేను నా దానిమీద చెయ్యి పెడితే నీది పది నిమిషాలు వెలుగుతుంది, నువ్వు పెడితే నాది. ఈలోపు మళ్ళీ చెయ్యి పెడితే ఆరిపోతుంది. ఊళ్ళో లేనప్పుడు ఫోన్‌లో దాని బొమ్మ మీద వేలు పెట్టినా చాలు. "మా అక్క ఒంటరిగా ఉంటుంది, వినపడదు. రోజూ పొద్దున్న ఏడింటికి, ఎక్కడున్నా సరే, నేను ఆమెకి దీపం వెలిగిస్తాను. సాయంత్రం ఆరింటికి ఆమె జవాబిస్తుంది" అన్నాను. తెర మీద నీ ఫొటో వేశాం, ఆ నీలం శాలువాది. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు అసలు సంగతి. జూన్‌లో మా కంపెనీ చేసే ఈ దీపాలకి పెద్ద అవార్డు ఇవ్వబోతున్నారు. ఆ రోజు నిన్ను వేదిక మీదకి పిలవాలని మా వాళ్ళ పట్టు. కారు నీ గుమ్మం దాకా వస్తుంది. నువ్వు చెప్పాల్సింది రెండే ముక్కలు. "నా తమ్ముడు రోజూ పొద్దున్నే నాకు దీపం వెలిగిస్తాడు. నేను ఒంటరిదాన్ని కాను." అంతే. కాదనకు.

తమ్ముడు


ఇంట్లో, కిటికీ పక్క బల్ల
మార్చి 13

ఒరే స్విచ్చిగా,

యాభై రెండేళ్ళ అధిపతిని ఇలా పిలవకూడదని తెలుసు. కానీ నాలుగేళ్ళప్పుడు హాల్లో లైటు టకటకా వేసి ఆర్పి, వేసి ఆర్పి, నాన్న చేత వీపు విమానం మోత మోగించుకున్నవాణ్ణి ఇంకేమని పిలవను?

రెండు ముక్కలు చెప్పమన్నావు. ఇరవయ్యారేళ్ళు ప్రెస్సులో మిషన్ల పక్కన కూర్చుని ప్రూఫులు దిద్దినదాన్ని. చెవులు అక్కడే పోగొట్టుకున్నాను, కళ్ళు మాత్రం ఇంకా పనిచేస్తున్నాయి. ఎవరు ఏది రాసిచ్చినా ముందు తప్పులు వెతికే అలవాటు పోలేదు. అందుకని చూద్దాం అంటాను. వస్తాననీ రాననీ ఇప్పుడే చెప్పను.

అది సరే గాని ఒకటి అడుగుతాను. పొద్దున్న ఏడింటికి దీపం మీద చెయ్యి పెడతావు కదా, అప్పటికి టీ తాగేసి ఉంటావా, ఇంకా తాగవా? ఊరికే, తెలుసుకోవాలని. నేను కప్పు పట్టుకుని దీపం ఎదురుగా కూర్చుంటాను. అది ఆరిపోయాక కూడా కాసేపు కూర్చుంటాను.

పక్కింటి టైలరమ్మ నిన్ను అడిగానని రాయమంది. మూడేళ్ళ కిందట నువ్వొచ్చినప్పుడు నీ ప్యాంటు పొట్టి చేసి ఇచ్చింది గుర్తుందా? ఆ కొలత ఇంకా తన పుస్తకంలో ఉందట. నడుము పెరిగిందా అని అడుగుతోంది. నాకేం తెలుసు, ఫొటోల్లో నువ్వెప్పుడూ బల్ల వెనకే ఉంటావు అన్నాను.

ఒంట్లో బాగానే ఉంది. వంటింట్లో బల్బు మిణుకుమిణుకుమంటోంది, ఒక రోజు స్టూలెక్కి మార్చాలి.

అక్క


కమ్యూనిటీ హాలు, వెనక గది
ఏప్రిల్ 6

అక్కా,

టీ కప్పు ఒక చేతిలో, దీపం మీద రెండో చెయ్యి. సరేనా? ఏం ప్రశ్నలే నీవి! స్టూలు మాత్రం ఎక్కకు, ఎవర్నైనా పిలిచి మార్పించుకో.

ఈ ఉత్తరం హాల్లో కుర్చీలు సర్దేశాక రాస్తున్నాను. మా పేటలో ఒంటరిగా ఉండే పెద్దల సంఘం ప్రతి శనివారం ఇక్కడే కూడుతుంది. నేను అధ్యక్షుణ్ణి. గ్రంథాలయం కమిటీలోనూ ఉన్నాను, పార్కు కమిటీలోనూ ఉన్నాను. వీధిలో నడిస్తే పదిమంది నమస్కారం పెడతారు. ఇంటికొచ్చి కూర్చునేవాళ్ళు ఒక్కరూ లేరు. ఇది ఎవరితోనూ అనలేదు, నీతోనే అంటున్నాను.

సంఘంలో అందరికీ కంపెనీ తరఫున దీపాలిచ్చాం. ఇవాళ లిఫ్టు మెకానిక్ గారు, అంటే పదవీ విరమణ చేసినాయన, బల్ల చుట్టూ తిరిగి అందరికీ చెప్తున్నాడు. "మావాడు పొద్దున్న ఆరున్నరకి వెలిగిస్తాడండీ. నాలుగు నెలలైంది, ఒక్క రోజు తప్పితే ఒట్టు! అంత క్రమశిక్షణ చిన్నప్పుడు ఉండి ఉంటే నేను బెల్టు తియ్యాల్సిన పనే ఉండేది కాదు" అని పెద్దగా నవ్వాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "బాబూ, మీకు పుణ్యం ఉంటుంది" అన్నాడు.

నేనూ నవ్వాను. ఆయనకి ఒక సంగతి చెప్పాలనిపించింది గాని కుర్చీలు సర్దే పనిలో పడ్డాను. నీకు కూడా ఇప్పుడు రాయను. పెద్ద విషయం కాదులే.

మధ్యాహ్నం ఎండ ఈ హాల్లోకి పక్క నుంచి పడుతుంది. నలభై కుర్చీలు గోడకి చేర్చేస్తే గది ఎంత పెద్దదో అప్పుడు తెలుస్తుంది. జూన్ సంగతి తేల్చి రాయి.

తమ్ముడు


ఇంట్లో
ఏప్రిల్ 24

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. నేను బాగున్నాను. కొంచెం పని ఒత్తిడిలో ఉన్నాను, అందుకని ఎక్కువ రాయలేను. చేతిరాత వంకరగా ఉంటే కంగారు పడకు, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాస్తున్నాను.

జూన్ సంగతి తర్వాత.

సాయంత్రం ఆరింటికి నీ దీపం వెలుగుతోంది కదా? అది చెప్పు చాలు.

అక్క


రైలు స్టేషన్, వెయిటింగ్ రూము
మే 22

అక్కా,

వెలుగుతోందా అని అడిగావు. వెలగడమేమిటే, నువ్వు రికార్డు కొట్టావు!

జరిగింది చెప్తాను. అవార్డు వాళ్ళు ఏదైనా లెక్క చూపించమన్నారు. మన జంట దీపాల వివరాలు ఆఫీసులో తీయించాను. నువ్వు ఇదివరకు సాయంత్రం ఒకసారి ఆరూ పదికి, ఒకసారి ఆరుంబావుకి, ఒకసారి ఏడింటికి, నీ ఇష్టమొచ్చినట్టు పెట్టేదానివి. ఏప్రిల్ పది నుంచి మే ఇరవై దాకా చూస్తే నలభై ఒక్క రోజులు వరసగా, సరిగ్గా ఆరింటికే! ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు. మా వాళ్ళు ఆశ్చర్యపోయారు. దీపం మనిషి జీవితానికి ఒక క్రమం తెస్తుందనడానికి ఇంతకన్నా రుజువేముంది? నిన్న సదస్సులో ఇదే చెప్పాను. చప్పట్లు ఆగలేదు.

అవార్డు రోజు కరపత్రం కూడా అచ్చయిపోయింది, ఒకటి ఇందులో పెడుతున్నాను. లోపలి పేజీలో నీ ఫొటో, పక్కన ఆ రెండు ముక్కలు. నువ్వు ఒప్పుకోకముందే వేసేశారు, కోప్పడకు. అచ్చుతప్పులుంటే నువ్వే పట్టుకోవాలి.

నిన్న నా పుట్టినరోజు. నీకు గుర్తుండే ఉంటుంది, నీ కార్డు ఇంటికి వచ్చి ఉంటుంది, నేనింకా ఇల్లు చేరలేదు. నిర్వాహకులు నా పేరుతో కేకు తెప్పించారు. నాకు తెలియని అరవైమంది పాట పాడారు. వాళ్ళలో ఒకాయన నన్ను వేరే ఎవరో అనుకుని, మీ అబ్బాయి పెళ్ళి బాగా జరిగిందా అని అడిగాడు. బాగా జరిగిందండీ అన్నాను. కాదని చెప్పి ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకులే అనిపించింది. తర్వాత కేకు ముక్క పట్టుకుని బయట మెట్ల మీద నిలబడి తిన్నాను. నీకు రాస్తుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

వస్తున్నావు కదా? నువ్వు ఒక్కసారి నా పక్కన నిలబడితే చాలు.

తమ్ముడు


ఇంట్లో, నిజంగా ఇంట్లోనే
మే 30

తమ్ముడూ,

కరపత్రం చూశాను. అచ్చుతప్పులు లేవు. మిగతావి చెప్తాను, కూర్చుని చదువు.

ఏప్రిల్ పదో తారీకు పొద్దున్న ఏడు కావడానికి ఇంకా పావుగంట ఉందనగా వంటింట్లో స్టూలెక్కాను. ఎక్కొద్దని నువ్వు రాసిన ఉత్తరం మర్నాడు వచ్చిందిలే. బల్బు తిప్పుతుంటే స్టూలు జరిగి పడ్డాను. తుంటి ఎముక విరిగింది. కదల్లేను, అరిస్తే నా కేక ఎంత పెద్దదో నాకే తెలియదు. నేల మీద అలాగే పడి ఉన్నాను. వంటింటి గుమ్మంలోంచి బల్ల కనిపిస్తుంది. సరిగ్గా ఏడింటికి దీపం వెలిగింది.

నీ దీపం చూసి అంత ఏడుపు నాకెప్పుడూ రాలేదు. పది నిమిషాలు వెలిగి ఆరిపోయింది. ఇంకొకటి వస్తుందేమోనని చూశాను, రాలేదు. తొమ్మిదింటికి టైలరమ్మ కత్తెర తిరిగి ఇవ్వడానికొచ్చి నన్ను చూసింది.

నలభై ఒక్క రోజులు ఆసుపత్రిలోనూ, తర్వాత నడక నేర్పే చోటా ఉన్నాను. నీకు రాయలేదు. రాస్తే నువ్వు వస్తావేమోనని కాదు. రాసినా రాకపోతే ఏం చెయ్యాలో తెలియక రాయలేదు. అందుకే "ఇంట్లో" అని అబద్ధం వేశాను. సాయంత్రం దీపం వెలగకపోతే నువ్వు కంగారు పడతావని తాళం చెవి టైలరమ్మకిచ్చి, రోజూ నా బదులు చెయ్యి పెట్టమన్నాను. ఆవిడ ఆరింటికి కొట్టు కట్టేస్తుంది. సరాసరి వచ్చి చెయ్యి పెట్టి వెళ్ళేది. నీ రుజువు అదిరా. ఒక్క తప్పూ లేని ప్రూఫు నా చేతికొస్తే, దీన్ని ఇదివరకే ఇంకెవరో దిద్దారని నాకు తెలిసిపోయేది. నువ్వు మాత్రం చప్పట్లు కొట్టించావు.

ఇక నీ సంగతి. ఏడింటి దీపం నువ్వు వెలిగించడం లేదని నాకు రెండేళ్ళ బట్టీ తెలుసు. మనిషి చెయ్యి రోజూ ఒకే నిమిషంలో పడదు. మొదట్లో అలా పడేది కూడా కాదు. నువ్వు పది రోజుల పర్యటనకి వెళ్ళావు చూడు, అప్పట్నుంచి గడియారం ముల్లులా ఏడింటికే. కానీ ఆ తర్వాత కూడా ఒక్కోరోజు ఏడు ఇరవైకో ఏడున్నరకో రెండోసారి వెలిగేది. మొదటిది యంత్రం, రెండోది నువ్వు. నేను ఆ రెండోదాని కోసమే కప్పు పట్టుకుని కూర్చునేదాన్ని. మొదట్లో వారానికి నాలుగుసార్లు వచ్చేది. తర్వాత ఒకటి. ఆఖరుది పోయిన నవంబరు పంతొమ్మిదిన వచ్చింది. టీ తాగుతూ పెడతావా అని అందుకే అడిగాను. నిజం చెప్తావేమోనని చిన్న ఆశ.

నేను జూన్‌లో రాను. కాలు బాగాలేదన్నది ఒక కారణమే. ఆ మొదటి ముక్క నా నోటితో అనలేను. రెండోది అసలే అనలేను. నువ్వు ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం.

కోపంగా రాశానా? కోపం కాదు, నువ్వు లేక బెంగగా ఉంది.

అక్క


ఇంట్లో, వంటింటి బల్ల
జూన్ 16

అక్కా,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు మనిషిని కాలేకపోయాను. నువ్వు నేల మీద పడి ఉన్న ఆ పొద్దున్న నేనెక్కడున్నానో డైరీ తీసి చూశాను. ఒక సదస్సుకి వెళ్తూ విమానంలో నిద్రపోతున్నాను.

ఆ పది రోజుల పర్యటన అప్పుడే దీపానికి టైము పెట్టాను. వచ్చాక తియ్యడం మర్చిపోయాను. కొన్నాళ్ళు నేనే వెలిగిస్తున్నాననుకుని చెయ్యి పెడుతూ వచ్చాను, నువ్వు చూసిన రెండోది అదే. ఒక రోజు ఫోన్‌లో ఆ టైము కనిపించింది. తీసేద్దామనుకుని, ఎలాగూ వెలుగుతోంది కదా అని ఊరుకున్నాను. ఊరుకోవడమే కాదు, ఇదేదో బాగుందని ఆఫీసులో చెప్పాను. "ఒకసారి పెడితే చాలు" అని దాన్ని అందరి దీపాల్లోనూ పెట్టించింది నేనే. పది ఇళ్ళల్లో ఎనిమిది వాడుతున్నాయి. అవార్డు దానికేనే. నీ ఫొటో పైపూతకి.

అవార్డు రోజు నీ ఫొటో తీయించేశాను. నిజం చెప్పేద్దామని మైకు దగ్గరికి వెళ్ళాను. ముందు వరసలో మా వాళ్ళందరి మొహాలూ చూసి, ఎప్పుడూ చెప్పేదే చెప్పి దిగిపోయాను, నీ కథ ఒక్కటి లేకుండా. అది లేదని ఎవరూ గమనించలేదు. గాజు పలక ఒకటి ఇచ్చారు. పిరికివాణ్ణి అక్కా, అంతకన్నా ఏం రాయను.

నిన్న శనివారం. లిఫ్టు మెకానిక్ గారిని వెనక గదిలోకి తీసుకెళ్ళి చెప్పాను. "ఆరున్నరకి వెలిగేది మీ అబ్బాయి చెయ్యి కాకపోవచ్చండీ, అందులో ఒక ఏర్పాటుంది, చేసింది నేనే" అన్నాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "ముప్పయ్యేళ్ళు లిఫ్టులు బాగుచేశాను, టైమరు నాకు తెలియదా బాబూ? మొదటి వారమే తెలిసింది" అన్నాడు. మరి అందరికీ అలా ఎందుకు చెప్తున్నారని అడిగాను. "మావాడు ఆ టైము పెట్టడానికి ఒక పూట కూర్చుని ఉంటాడు కదా. ఆ పూట నేను గుర్తున్నానుగా. ఇక్కడ అందరికీ చెప్పుకోవడానికి నాకు అదే ఉంది" అన్నాడు. తర్వాత ఇద్దరం కలిసి కుర్చీలు సర్దాం.

ఇవాళ నా దీపానికి టైము తీసేశాను. రేపట్నుంచి ఏడింటికి నీది వెలగదు. నేను పెడితేనే వెలుగుతుంది. నేనెలాంటివాణ్ణో నీకు తెలుసు గనక ముందే చెప్తున్నాను, చాలా రోజులు చీకటిగానే ఉంటుందేమో.

వచ్చే నెల వస్తాను.

తమ్ముడు


ఇంట్లో, కిటికీ పక్క బల్ల
జూన్ 28

ఒరే స్విచ్చిగా,

వస్తానని రాయకు. వచ్చి తలుపు కొట్టు. నాకు వినపడదు గనక చాలాసేపు కొట్టాల్సి ఉంటుంది, టైలరమ్మకి వినపడి తనొచ్చి తీస్తుంది.

పదిహేడో తారీకు పొద్దున్న ఏడింటికి కప్పు పట్టుకుని కూర్చున్నాను. వెలగలేదు. నీ ఉత్తరం అప్పటికింకా చేరలేదు, దీపం పాడయిందనుకుని తీగ పీకి మళ్ళీ పెట్టి చూశాను. మూడో రోజు ఉత్తరమొచ్చాక అర్థమైంది. అర్థమయ్యాక కూడా రోజూ కూర్చున్నాను. పది రోజులు. నిజం చెప్పాలంటే యంత్రమైనా ఉంటే బాగుండేదని నాలుగో రోజు అనిపించింది. ఆ మెకానిక్ గారి మాట నాకు ఆ రోజు తెలిసొచ్చింది. తొమ్మిదో రోజున నిన్ను తిట్టుకున్నాను. నిన్న అసలు కూర్చోలేదు, టీ వంటింట్లోనే నిలబడి తాగేశాను.

ఇవాళ మధ్యాహ్నం మూడూ నలభైకి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. అది దీపం వెలిగే వేళ కాదు. బల్ల వైపు చూడను కూడా చూడలేదు, ఎదురుగా గిన్నె అంచు మీద ఏదో పసుపుగా మెరిస్తే తలెత్తాను. వెలుగుతోంది. ఆరింది. మళ్ళీ వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది. ఆఫీసులో కూర్చుని చేస్తున్నావో, రైల్లో ఉన్నావో, ఎక్కడున్నావో నాకు తెలియదు. కానీ అలా చేసేవాణ్ణి నాన్న చేతి నుంచి ఎన్నోసార్లు లాక్కున్నాను, వాడి చెయ్యి నాకు తెలియకపోవడమేమిటి?

కర్ర వెతుక్కుని లేచే ఓపిక లేక కుర్చీతో సహా జరుక్కుంటూ వెళ్ళాను. గిన్నె కింద పడింది, కాయలన్నీ నేల మీదే ఉన్నాయి. తడి చెయ్యి చీరకి తుడుచుకుని దీపం మీద పెట్టాను. ఆరింటి దాకా ఆగలేదు. చెయ్యి తియ్యలేదు, నువ్వు వెలిగించింది ఆరిపోయాక కూడా తియ్యలేదు.

అప్పుడు నువ్వు చూశావో లేదో రాయి. బొటనవేలు పంపావంటే ఊరుకోను.

అక్క